వేడి గొట్టాల పక్కన ఆయిల్ ఫిల్టరు
(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

"మీ వృత్తిలో మీకు బాగా తెలిసిన ఒక్క విషయం, పదిహేను నిమిషాల్లో చెప్పండి" అన్నారు సంఘం వారు. ఎలక్ట్రిక్ కార్ల గురించి చెబుతాననుకుని ఉంటారు. ఆ సంగతులు పేపర్లో రోజూ వస్తున్నాయి. నేను ముప్ఫై ఏళ్లుగా ఇంజన్ల విడిభాగాల పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం అమెరికాలో, డెట్రాయిట్ చుట్టుపక్కలే. అక్కడ ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ అనే రోడ్డు మీద పాత కార్ల తిరునాళ్ల జరుగుతుంది. 1995లో మొదలైంది. మన తిరునాళ్లకు ప్రభలు కట్టినంత శ్రద్ధగా వాళ్లు యాభై అరవై ఏళ్ల నాటి కార్లను ముస్తాబు చేసుకుని వస్తారు. సెలవు రోజుల్లో వాళ్ల షెడ్లలో కూర్చోవడం నాకు అలవాటు. అక్కడ పదేపదే ఎదురయ్యే ఒక గట్టు తగాదా గురించి ఇవాళ చెబుతాను. పొగ గొట్టాలకూ ఆయిల్ ఫిల్టరుకూ మధ్య చోటు తగాదా.

ముందుగా కారు ఏదో చెప్పాలి. షెవర్లె కంపెనీ 1955లో ఒక చిన్న వి8 ఇంజను తెచ్చింది. వి అక్షరంలా అటు నాలుగు, ఇటు నాలుగు సిలిండర్లు. దశాబ్దాల తరబడి దాన్ని చేస్తూనే వచ్చారు. 1967 కమారోలో అదే 350 ఘనపు అంగుళాల ఇంజను, మన లెక్కలో 5.7 లీటర్లు. ఈ ఇంజనుకు ఆయిల్ పంపు అడుగున, వెనక వైపు ఉంటుంది. అందుకని ఫిల్టరు కూడా దానికి దగ్గరగా ఎడమ వైపు వెనక మూలన, మూతి పైకి పెట్టి వేలాడుతూ ఉంటుంది. పంపు నుంచి నూనె ముందు ఫిల్టరులోకి, అక్కడి నుంచి బేరింగులకు. చేసినవాళ్ల లెక్క తప్పు కాదు. ఆ రోజుల్లో దాని పక్కన పోత ఇనుముతో చేసిన బొద్దు మానిఫోల్డ్ ఉండేది. అది సిలిండర్లను ఆనుకుని పైనే ఉండిపోయేది. ఫిల్టరు జోలికి వచ్చేది కాదు.

కుర్రాళ్లు ఆ మానిఫోల్డ్ తీసేసి హెడర్లు బిగిస్తారు. హెడర్ అంటే ఒక్కో సిలిండరుకు విడిగా ఒక్కో ఉక్కు గొట్టం, అన్నీ కిందికి దిగి ఒకచోట కలుస్తాయి. సరదా కోసం మాత్రమే కాదు, దీనికి కారణం ఉంది. ఈ ఇంజనులో మంట రగిలే వరుస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలన్నీ ఎడమ వైపువి. 5, 7 చూడండి. పక్కపక్కనే ఉన్నాయి, వెంటవెంటనే రగులుతాయి. రెండూ ఒకే ఇరుకు మానిఫోల్డ్‌లోకి పొగ వదిలితే, ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే రెండు తరగతులు ఒకే గుమ్మం మీద పడ్డట్టు ఉంటుంది. విడివిడి గొట్టాలిస్తే ఆ తోపులాట తగ్గుతుంది, ఇంజను తేలిగ్గా ఊపిరి వదులుతుంది. చిక్కేమిటంటే, ఆ 5, 7 గొట్టాలు కిందికి దిగేది సరిగ్గా ఫిల్టరు వేలాడే మూలకే. పైగా స్టీరింగు పెట్టె కూడా ఆ వైపే. అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమ పక్కన కదా.

ఇప్పుడు వేడి సంగతి. వేడి మూడు రకాలుగా ప్రయాణిస్తుందని మన సైన్సు మాస్టారు కిరసనాయిలు స్టవ్వు ముందు నిలబెట్టి చెప్పారు: తాకితే, గాలి మోస్తే, ఏదీ లేకుండా వికిరణంగా. ఇక్కడ పెద్ద శత్రువు మూడోది. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న నాలుగో ఘాతం సూత్రం గుర్తు తెచ్చుకోండి. గొట్టం 250 డిగ్రీల దగ్గర వెదజల్లే వేడితో పోలిస్తే, 500 డిగ్రీల దగ్గర వెదజల్లేది రెట్టింపు కాదు, దాదాపు ఐదు రెట్లు. ఊరి వీధుల్లో నెమ్మదిగా తిరిగినంతసేపూ ఫిల్టరు బాగానే ఉంటుంది. ఎండాకాలం హైవే మీద గంట తోలితే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి పెళుసెక్కుతుంది. లోపల నూనె ఒత్తిడితో ఉంది. ఆ రబ్బరు ఎక్కడ వదిలినా సన్నటి ధారగా చిమ్మేది ఎర్రగా కాగిన గొట్టం మీదికే. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. నేను చూసిన రెండు పాత కార్ల అగ్నిప్రమాదాల్లో ఒకటి ఇలా మొదలైందే. మనిషి బతికి బయటపడ్డాడు, కారు మాత్రం చట్రం మిగిలింది.

మరి ఏం చేయాలి? అందరూ ముందు చేసే పని పొట్టి ఫిల్టరు కొనడం. ఒక అంగుళం, అంగుళంన్నర పొట్టిది దొరుకుతుంది. చాలాసార్లు అదే చాలు. కానీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయని ఏ డబ్బా పడితే ఆ డబ్బా ఎక్కించకూడదు. మరల కొలత, గ్యాస్కెట్ చుట్టుకొలత సరిపోవాలి. అంతకంటే ముఖ్యమైనది బైపాస్ వాల్వు. ఫిల్టరు కాగితం మూసుకుపోతే, లేదా చలికి నూనె చిక్కబడితే, కనీసం వడకట్టని నూనె అయినా బేరింగులకు చేరేలా తెరుచుకునే చిన్న తలుపు అది. ఈ షెవర్లెలో ఆ తలుపు ఇంజను బ్లాకు దగ్గరే ఉంది. ఫోర్డు వి8కి అది ఫిల్టరు లోపల ఉంటుంది. ఇది తెలియకుండా మార్చేస్తే బయటికి ఏ తేడా కనపడదు, కారుతుందా అంటే కారదు కూడా. పొట్టి దానిలో కాగితం తక్కువ కాబట్టి కాస్త త్వరగా మార్చుకోవాలి, అంతే.

కొందరు ఫిల్టరును అక్కడి నుంచి పూర్తిగా లేపేసి, రెండు హోసులు లాగి, ముందు వైపు చల్లటి చోట పెడతారు. బానెట్ ఎత్తితే అందంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది ఆఖరి దారి. మొదట ఒక్క జాయింటు ఉండేది. ఇప్పుడు బ్లాకు దగ్గర ఒకటి, హోసుల నాలుగు కొసలు, ఫిల్టరు దగ్గర ఒకటి, మొత్తం ఆరు. హోసులు సన్నవైతే ఒత్తిడి పడిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం, రెండు హోసులూ తారుమారు కావడం. ఫిల్టరులో నూనె చుట్టూ ఉన్న చిన్న బెజ్జాల్లోంచి వెళ్లి, నడిమి బెజ్జంలోంచి రావాలి. లోపల రబ్బరు రేకు ఒకటి వెనక్కి పోనివ్వదు. తిరగేసి కలిపితే ఆ రేకు దారి మూసేస్తుంది. ఇంజను చక్కగా స్టార్టవుతుంది, బేరింగులకు నూనె ఉండదు. అందుకే హోసులు వేసిన కారుకు ముందు స్పార్కు ప్లగ్గులు తీసి, స్టార్టరుతోనే తిప్పి, ఆయిల్ గేజి ముల్లు లేచిందాకా మంట రగలనివ్వకూడదు.

గొట్టానికి గుడ్డలాంటి ఫైబర్‌గ్లాసు పట్టీ చుట్టడం ఇంకో పద్ధతి. వేడి ఆపుతుంది, నిజమే. దానితోపాటు తడిని కూడా పట్టి ఉంచుతుంది. మామూలు ఉక్కు గొట్టాలు లోపల్లోపలే తుప్పు పట్టి చిల్లులు పడతాయి. సిరామిక్ పూత దీనికంటే మెరుగు, ఖరీదెక్కువ.

నా ఓటు రేకుకు. ఫిల్టరుకూ గొట్టానికీ మధ్య, రెండింటికీ తగలకుండా, అటూ ఇటూ గాలి ఆడేలా ఒక పల్చటి రేకు. వికిరణం లెక్కలో మామూలు రేకు ఒక్కటే వేడిని సగానికి తగ్గిస్తుంది. తళతళలాడే స్టీలు రేకైతే ఇంకా బాగా తగ్గుతుంది. దాన్ని గొట్టానికి బిగించకూడదు, ఇంజను అడుగు సంపు బోల్టు ఒకదానికి పట్టించాలి. విజయవాడ ఆటోనగర్‌లో రేకుల పని చేసేవాళ్లయితే పాత అట్టపెట్టె ముక్కతో నమూనా కోసుకుని అరగంటలో చేసి ఇస్తారు. డెట్రాయిట్‌లో డాలర్లు పోసి కొన్న రెడీమేడ్ రేకుల కంటే అది బాగా కుదరడం నేను చూశాను.

చోటు కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫిల్టరు, హెడర్ రెండూ ఇంజనుకే బిగించి ఉంటాయి. ఇంజను ఊగినా రెండూ కలిసే ఊగుతాయి. కాబట్టి వాటి మధ్య ఎడం పెద్దగా మారదు. స్టీరింగు రాడ్డు అలా కాదు, అది చట్రానిది. ఆక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను ఎడమ పక్క పైకి లేస్తుంది. షెడ్డులో వేలు దూరిన సందు రోడ్డు మీద ఉండదు.

ఇంకో కొలత ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఫిల్టరు పట్టడానికి చోటుంటే చాలదు, ఊడి రావడానికి కూడా ఉండాలి. మరలు పూర్తిగా వదిలాక అది కిందికి జారాలి, పక్కకు ఒంగాలి, దాన్ని పట్టుకున్న చేయి కూడా ఆ సందులోనే పట్టాలి. నేను చెప్పేదేమిటంటే, హెడర్ బోల్టులు ఆఖరి బిగువు బిగించకముందే ఒక ఖాళీ పాత ఫిల్టరు తీసుకోండి. కింద పడుకుని ఎక్కించండి, దించండి. మళ్లీ ఎక్కించండి. రానంటే గొట్టం అప్పుడే మార్చుకోవచ్చు. ఇది చేయనివాళ్ల కారు మూడు వేల మైళ్ల తర్వాత ఎవరో ఒక కుర్రాడి చేతికి వస్తుంది. వాడు ఇరుకులో కనపడక, చేత్తో తడుముతూ పాత ఫిల్టరు తీస్తాడు. దాని గ్యాస్కెట్ బ్లాకుకే అంటుకుని ఉండిపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తాడు. రెండు గ్యాస్కెట్ల మీద పట్టు ఉండదు. సిగ్నలు దగ్గరకు వెళ్లేసరికి నాలుగున్నర లీటర్ల నూనె రోడ్డు మీద, గొట్టాల మీద. తప్పు వాడిదేనా? చూడ్డానికి వీల్లేకుండా చేసింది ముందు బిగించినవాళ్లు.

కనుక తీసిన ప్రతి ఫిల్టరు మూతినీ వెలుతురులోకి తెచ్చి, గ్యాస్కెట్ దానితోనే వచ్చిందో లేదో చూడాలి. కొత్త దానికి నూనె రాసి, గ్యాస్కెట్ తగిలాక చేత్తో ముప్పావు చుట్టు. పానా వేసి బిగించకండి. ఇంజను చల్లారాక చేయండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిలును దోనెలా మడిచి ఫిల్టరు కింద పెడితే నూనె గొట్టాల మీద పడదు. చెల్లెళ్లు నవ్వుతున్నారు గానీ నిజమే చెబుతున్నాను.

ఆఖరున ఒక వస్తువు తెచ్చాను. ఇది అలాంటి కారు నుంచి తీసిన ఫిల్టరే, డబ్బా కోసి కాగితం మడతలు విప్పాను. మడతల మధ్య చూడండి. అయస్కాంతానికి అంటేవి ఇనుప పొడి, కొద్దిగా ఉండడం మామూలే. రాగి రంగులో మెరిసేవి కనిపిస్తే బేరింగు పైపూత అరిగిపోయిందన్నమాట, ఇంజను విప్పే రోజు దగ్గర పడింది. ఇందులో రెండూ ఉన్నాయి. మాస్టారు ముందు చూస్తారు, తర్వాత వరుసగా వెనక్కి పంపండి. కోసిన అంచు పదునుగా ఉంది, పిల్లల చేతికి ఇవ్వకండి.