కొండదారిలో ఇంజను ఊపిరికి హద్దు



విశాఖపట్టణమునుండి అనంతగిరి కనుమ నెక్కి అరకు చేరు బండ్లలో నేడు పెక్కింటికి టర్బో యను యంత్రాంగము కలదు. ఇది కమ్మరి కొలిమితిత్తి వంటిది. ఇంజను విడుచు పొగ వేగముచే నొక చక్రము తిరుగును. దానితోఁ గూడిన వేఱొక చక్రము గాలిని నొక్కి ఇంజనులోనికిఁ బంపును. గాలి హెచ్చినకొలఁది ఇంధనమును హెచ్చుగా మండించి బలము పొందవచ్చును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహి 1905లో దీనికి పేటెంటు పొందెను.

కొందఱు యువకులు బండి భాగములను మార్చకయే ఈ యొత్తిడిని పెంచఁగోరి, "ఎంతవఱకు క్షేమము?" అని నన్నడుగుచుందురు. అన్ని బండ్లకును చెల్లు అంకె యొకటి లేదు. తయారుచేసినవారు విధించిన హద్దే ఆ భాగములకు హద్దని నా సమాధానము. కారణము వినుఁడు.

నొక్కినకొలఁది గాలి వేడెక్కును. పెట్రోలు ఇంజనులో మంట యంతట వ్యాపింపక మునుపే మిగిలిన ఇంధనము తనంతట భగ్గుమని, సుత్తిపోటువలె పిస్టనును దెబ్బతీయును. డీసెలు ఇంజనులో ఇంధనము మితిమీరినచో నల్లపొగయు, పిస్టను కరఁగునంతటి వేడియుఁ బుట్టును.

కొండమీఁద మఱొక చిక్కు. తీరమున గాలి యొత్తిడి చదరపుటంగుళమునకు 14.7 పౌనులు. అరకు ఎత్తు సుమారు 3,000 అడుగులు. అక్కడ అది సుమారు 13.2 మాత్రమే. తీరమున టర్బో 12 పౌనులు చేర్చిన మొత్తము 26.7 అగును. ఆ మొత్తమే అరకులో రావలెనన్నచో 13.5 చేర్చవలెను. పలుచని గాలిని అంత గట్టిగా నొక్కుటకు, నిమిషమునకు లక్షసారులు మించి తిరుగఁగల చక్రము ఇంకను వేగముగాఁ దిరుగవలెను. కావున తీరమున నిలిచిన పెంపు కనుమపై నిలువకపోవచ్చును.

సంతనాఁడు బండినిండ జనముండఁగా మలుపునొద్ద ఇంజను చెడి యాగినచో, బ్రేకులకు సాయము సన్నగిలును, స్టీరింగు బరువెక్కును. నష్టము ఇంజనుతోఁ బోదు.

కావున పెద్దలారా, మీ యువకులకు మూఁడు మాటలు చెప్పుఁడు. ఒత్తిడిని పెంచవలదు. బరువు మితముగా నెక్కించి, చిన్న గేరులో కనుమ నెక్కవలెను. పైకిఁ జేరిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగాఁ దిరుగనిచ్చి ఆపవలెను. వెంటనే ఆపినచో నూనె ప్రవాహము నిలిచి, టర్బో వేడికి అందలి నూనె మాడిపోవును. టకటకమను లోహధ్వని వినవచ్చినచో మాత్రము, ఎక్కుట మాని బండిని ప్రక్కకు నిలుపవలెను.