ప్రక్కటెముకల పాకము



వంటను గూర్చి పురుషుడు, అందును నా వయస్సువాడు, మాటలాడబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నలుడును భీముడును గరిటె పట్టినవారే కదా యని నేను ధైర్యము తెచ్చుకొంటిని. నేటి నా ప్రసంగము అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున నల్లజాతి ప్రజలు తమ యిండ్లలో వండుకొను ఒక మాంసపాకమును గూర్చినది. దానిని వారు బార్బెక్యూ రిబ్స్ అందురు. అనగా సన్నని సెగపై నిదానముగా మ్రగ్గించిన పంది ప్రక్కటెముకలు. మాంసము ముట్టనివారును, ముట్టినను పందిని ముట్టనివారును మనలో చాలమంది కలరు. వారును నిస్సంకోచముగా వినవచ్చును. ఇందు నాలుకకు సంబంధించిన సంగతి కొంతయే. చేతిపనిని గూర్చియు, ఆ పని చేసిన చేతులకు దక్కినదానిని గూర్చియు చెప్పవలసినది ఎక్కువ.

మొదట వస్తువును తెలిసికొందము. పంది ప్రక్కటెముకలను ఆ దేశపు అంగళ్లలో రెండు తెగలుగా అమ్ముదురు. వెన్నెముక నానుకొని యుండునవి పొట్టివి, మెత్తనివి, వెల హెచ్చినవి. పొట్టవైపునకు దిగునవి పొడవైనవి, కొవ్వు గలవి, గట్టివి, చౌక. ఈ రెండవ తెగలో ఒక్కొక్క పలకకు 11 మొదలు 13 వఱకు ఎముకలుండును. ప్రాణి ఊపిరి తీయునపుడెల్ల కదలుచుండు భాగము గనుక వీనియందు గట్టి జిగురుపోగులు మెండు. శాస్త్రజ్ఞులు ఆ జిగురును కొల్లాజెన్ అందురు. తొందరపడి పెద్దమంటపై కాల్చినచో అది ముడుచుకొని, మాంసమందలి రసమును పిండివేయును. తిన్నవానికి తోలుముక్కను నమలినట్లుండును. 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిమిలో కొన్ని గంటలుంచినచో ఆ జిగురే కరగి, మాంసమును లోపలినుండి తడుపును. మేకకాళ్ళ పులుసును రాత్రంతయు కుంపటిమీద నుంచు ఇల్లాండ్రకు ఈ రహస్యము క్రొత్తది కాదు. చల్లాఱిన పులుసు పైని పేరుకొని వ్రేలికి జిగటగా తగులునే, అదియే ఇది.

ఇక బార్బెక్యూ అను మాట. కరిబియను ద్వీపములలోని ఆదిమజాతులు మాంసమును, చేపలను నిప్పుకు ఎత్తుగా కఱ్ఱల మంచెపై పెట్టి ఆరగాల్చెడివారు. ఆ మంచె పేరు స్పెయినువారి నోట బార్బకోవా యయి, తరువాత ఇంగ్లీషులో బార్బెక్యూ అయినది. అమెరికా దక్షిణరాష్ట్రములలో పత్తితోటలు, పొగాకుతోటలు గల దొరలు వందలకొలది అతిథులను పిలిచి విందులు చేసినపుడు భూమిలో నిలువెడు పొడవున గోతులు త్రవ్వించి, ఓకు, హికరీ మొదలగు గట్టికఱ్ఱలను బొగ్గుగా మండించి, పైని మాంసమును పరచి రాత్రంతయు కాల్పించెడివారు. త్రవ్వినవారును, కట్టెలు కొట్టినవారును, నిద్రమాని త్రిప్పినవారును ఆఫ్రికానుండి తేబడిన బానిసలు, వారి సంతతివారు.

యజమాని నడుముమాంసము తిని ఎముకలను బానిసలకు పాఱవేసెననియు, అందువలననే ఈ వంట పుట్టెననియు సాధారణముగా చెప్పుదురు. ఇది కొంతవఱకే నిజమని నా యభిప్రాయము. బానిసలకు వారమునకొకసారి కొలిచియిచ్చు ఆహారము మొక్కజొన్నపిండియు, ఉప్పువేసిన పందిమాంసమును. చలికాలమున పందులను కోసిననాడు మాత్రము పచ్చిమాంసము దొరకెడిది. ప్రక్కటెముకలు ఉప్పులో నిలువ చేయుటకంటె వెంటనే తినుటకే అనువైనవి గనుక దొరగారి బల్లమీదికిని అవి పోయెను. పాఱవేసినదానిని తిన్నారనుట వారి నైపుణ్యమును తక్కువ చేసినట్లగును. దొరకు నచ్చునట్లు వండినది కూడ వారే.

దక్షిణ కరోలినా రాష్ట్రమున వెస్లీ జోన్స్ అను వృద్ధు డుండెను. ఆయన పుట్టుకచే బానిస. 1930 తరువాతి దశాబ్దమున ప్రభుత్వము పంపిన లేఖకులు, బానిసత్వమును చూచిన ముసలివారి జ్ఞాపకములను వ్రాసికొన్నప్పుడు ఆయన తాను విందుల ముందటి రాత్రులు మేలుకొని మాంసమునకు పూత పూసిన సంగతి చెప్పెను. ఆ పూతలో వెనిగరు, మిరియాలు, ఎఱ్ఱమిరప, ఉప్పు, వెన్న, సేజ్ అను నొక ఆకు, ధనియాలు, తులసిజాతి ఆకు, ఉల్లి, వెల్లుల్లి యుండెడివట. కొందఱు కొంచెము చక్కెర వేసెడివారట. ధనియాలు, వెల్లుల్లి, మిరియాలు అని చదివినప్పుడు నాకు మా యింటి పోపులపెట్టె జ్ఞప్తికి వచ్చెను. తాను వ్రాయుటకు నోచుకొనని మనుష్యుడు డెబ్బదియేండ్ల తరువాత కూడ ఆ పాళ్ళను మఱవలేదు.

1865 జూన్ 19వ తేదీన టెక్సస్ రాష్ట్రములోని గాల్వెస్టన్ పట్టణమున సైన్యాధికారి బానిసల విడుదలను ప్రకటించెను. ఆ దినమును అక్కడి నల్లజాతివారు ఏటేట పండుగగా జరుపుకొనిరి. 2021లో అది దేశమంతటికి సెలవుదినమయ్యెను. ఆనాడు ఎఱ్ఱని పానీయమును, నిప్పుపై కాల్చిన మాంసమును ఉండవలసినదే. తరువాత 1910 ప్రాంతము మొదలు 1970 వఱకు సుమారు 60 లక్షలమంది నల్లజాతివారు దక్షిణమును విడిచి ఉత్తరపు, పడమటి నగరములకు వలసపోయిరి. వారితో వంటయు పోయెను. మెంఫిసు ప్రాంతమున పుట్టిన హెన్రీ పెర్రీ అను నతడు 1908 నాటికే కాన్సస్ సిటీలో ఈ మాంసమును అమ్మి, ఆ నగరపు బార్బెక్యూకు మూలపురుషుడయ్యెను. షికాగోలో చేరినవారు ప్రక్కటెముకల పలకను చక్కజేయునపుడు కోసివేయు చివరి మృదులాస్థిముక్కలనే ప్రత్యేకభోజ్యముగా చేసిరి. నేటికిని ఆ నగరపు దక్షిణభాగమున అవి ప్రసిద్ధములు.

అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హాము నగరమున 1927లో స్థాపింపబడిన ఆలీస్ బార్బెక్యూ అను భోజనశాల యుండెను. లోపల 220 మంది కూర్చుండవచ్చును. పనివారిలో మూడింట రెండుపాళ్ళు నల్లజాతివారు. నల్లజాతి భోక్తకు మాత్రము లోపల పీట లేదు. డబ్బిచ్చి పొట్లము కట్టించుకొని పోవలెను. 1964 జూలైలో పౌరహక్కుల చట్టము అమలులోనికి రాగా, యజమానులు ఆ చట్టము తమకు వర్తింపదని న్యాయస్థానమున వాదించిరి. తమది ఒక్క ఊరి వ్యాపారమే గాని రాష్ట్రముల మధ్య వ్యాపారము కాదనిరి. లెక్కలు తీయగా, అంతకు ముందటి సంవత్సరమున వారు కొన్న సుమారు 1,50,000 డాలర్ల సరుకులో నూటికి 46 వంతులు పరరాష్ట్రమునుండి వచ్చిన మాంసమని తేలెను. 1964 డిసెంబరు 14వ తేదీన అత్యున్నత న్యాయస్థానము న్యాయమూర్తులందఱు ఏకముఖముగా చట్టము వర్తించునని తీర్పుచెప్పిరి. మానవుడు లోపలికి రాదగునా యను ప్రశ్నకు మాంసము సరిహద్దు దాటి వచ్చినదను మార్గమున సమాధానము దొరకెను. ఆ తీర్పు వ్యాఖ్యానము న్యాయవాదులకు వదలుదును. నాకు తోచినది ఇంతే: వంటవాని చేయి వలసినదే గాని, వాని కులమువాడు ప్రక్కన కూర్చుండరాదను ఏర్పాటు మన గ్రామములలోని పెద్దలకు వివరించి చెప్పవలసిన పని లేదు.

ఇట్లు వీధి తలుపులు మూయబడినన్నాళ్లును ఈ పాకము ఇంటి పెరళ్లలోను, చర్చి ఆవరణలలోను పెరిగెను. 1960 తరువాత దానికిని, దానితోడి వంటలకును సోల్ ఫుడ్ అను పేరు వ్యాపించెను. సోల్ అనగా ఆత్మ. నగరపు అద్దెయిండ్లలో గోయి త్రవ్వుటకు తావు లేదు గనుక ఇంటి ఓవెన్‌లోనే పని జరుపుట నేర్చుకొనిరి. ఓవెన్ అనగా నలువైపుల మూసిన ఇనుపపెట్టెవంటి పొయ్యి. పొగవాసన అందు రాదు, నిజమే. మెత్తదనము మాత్రము తప్పక వచ్చును.

ఉద్యోగరీత్యా మెంఫిసులో నున్న మా అమ్మాయి యింట నేను 3 మాసములు గడపితిని. ప్రక్కయింటి పెద్దామె ఆదివారములయందు ఈ పాకము చేయుచుండగా నేను పలుమాఱులు చూచితిని. ఆమె పొట్టవైపు పలకనే కొనును. ముందుగా దానిని బోర్లించి, ఎముకలమీద కాగితమువలె అంటియుండు పొరను చెంచా కాడతో లేవదీసి, జారకుండ గుడ్డతో పట్టుకొని ఒక్క లాగున లాగివేయును. ఆ పొర ఉడుకదు, ఉప్పుకారములను లోపలికి పోనీయదు. చాలమంది దీనిని విడిచి, తరువాత పంటికి తోలు తగిలెనని మాంసమును నిందింతురు. పలక చివర వ్రేలాడు ముక్కలను కోసి వేఱుగా పెట్టును. పిమ్మట ఉప్పు, గోధుమవన్నె చక్కెర, కారము తక్కువగల ఎఱ్ఱమిరపపొడి, కారముగల మిరపపొడి, మిరియాలపొడి, ఆవపిండి, వెల్లుల్లిపొడి కలిపి రెండు ప్రక్కల మర్దించి, రాత్రంతయు చల్లనిచోట నుంచును.

కొందఱు మాంసమును ముందు నీళ్ళలో ఉడికింతురు. నేను ఆ సంగతి యడుగగా ఆమె, "అప్పుడు నీళ్ళే త్రాగవలెను గదండీ!" అనెను. రుచి నీటిలోనికి దిగుననుట వాస్తవమే. అయినను ముసలిపంది మాంసము తప్ప దొరకనినాడు పూర్వులు వెనిగరు, ఉల్లిపాయ వేసి ఉడికించిన పద్ధతిని నేను తప్పుపట్టను.

మఱునాడు పలకను అల్యూమినియం రేకులో గాలి చొరకుండ చుట్టి, 135 డిగ్రీల వేడిమిగల ఓవెన్‌లో రెండున్నర మొదలు మూడు గంటలవఱకు నుంచును. ఈ చుట్టుటలో యుక్తి యున్నది. మూత లేక ఉంచిన మాంసము 65, 70 డిగ్రీల ప్రాంతమునకు వచ్చి, అక్కడనే గంటలకొలది నిలిచిపోవును. వంటవారు పొయ్యి పాడైనదని కలవరపడుదురు. జరుగునది మన మట్టికూజాలో జరుగునదే: పైని తడి ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవును. రేకు చుట్టినచో ఆవిరి పోవుటకు దారి యుండదు, వేడి ముందునకు సాగును. పంది మాంసపు ముక్కలకు 63 డిగ్రీలు తగిలి, పిదప 3 నిమిషములు నిలిచినచో రోగభయము లేదని అమెరికా వ్యవసాయశాఖ చెప్పుచున్నది. ప్రక్కటెముకల కది చాలదు. భయము తీరును గాని గట్టితనము తీరదు. మెత్తబడుటకు 90 మొదలు 95 డిగ్రీలవఱకు పోవలెను.

ఎప్పుడు తీయవలెనని నేను గడియారము చూచుచుంటిని. "గడియారమును కాదండీ, ఎముకను చూడుడు" అని ఆమె యనెను. మాంసము వెనుకకు తగ్గి ఎముక కొన అరవ్రేలెడు బయటపడవలెను. పలకను ఒక చివర పట్టుకొని ఎత్తినచో నడుమ వంగి, పైని చిన్న పగులు కనబడవలెను. పుల్లతో గ్రుచ్చినచో అడ్డు తగులరాదు. ఎముక దానంతట ఊడిపడవలెనా, కొఱికినపుడు మాత్రమే వీడవలెనా యనునది ఆ దేశమున తీరని వివాదము. పందెములలో తీర్పరులు రెండవదానిని మెచ్చుదురు. ఇంటిలో పండ్లూడిన తాతలుందురు గనుక ఆమె మొదటిదానివైపే యుండును. నేనును అంతే.

పూత కడపట రావలెను. టమాటా, వెనిగరు, చక్కెరమడ్డి, మిరపపొడి కలిపి చిక్కగా కాచిన ఆ పూతను మొదటనే పూసినచో అందలి చక్కెర మాడి చేదెక్కును. రేకు విప్పి, పూత పూసి, మంటను హెచ్చించి, 15 నిమిషములుంచిన చాలును. అంచులు నల్లబడి, పైని లక్కవలె మెఱయును. చక్కెరయు, ఉప్పును, కొవ్వును ఇందు తక్కువ కావు. రక్తపుపోటు గలవారు ఇది నిత్యాన్నము కాదని యెఱిగి తినవలెను. ఆ యింట కూడ ఇది పండుగకును, ఆదివారమునకునే.

పది నిమిషములు కదల్పక ఉంచినచో రసము లోపల సర్దుకొనును. పిమ్మట పలకను బోర్లించి కోయవలెను. ఎముకలు కనబడునది ఆ వైపుననే. కోసి వేఱుగా పెట్టిన చివరిముక్కలను కూడ ఆమె అదే ఓవెన్‌లో మ్రగ్గించి, కొన్ని తాను నిలుచుండియే తిని, మిగిలినవానిని మఱునాడు అలసందల కుండలో వేయును. ఆ అలసందలు ఆఫ్రికానుండి బానిసల ఓడల కాలమున ఆ దేశమునకు చేరినవి. మన చేలలోనికి అవి అంతకు ఎంతో పూర్వమే, ఆ ఖండమునుండియే వచ్చినవి.