కరణంగారి ఇంటి నుంచి మీసేవ దాకా



ఊళ్ళో ఫలానా పొలం చెక్క ఎవరిదో తేలాలంటే ఒకప్పుడు కరణంగారు నోరు విప్పాలి. భూముల లెక్క రాసే అడంగలు ఆయన ఇంట్లో ఉండేది మరి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. దస్త్రాలు మండలాఫీసు బీరువాలోకి చేరాయి. రైతు ఎక్కే గుమ్మం మారింది, అంతే!

కంప్యూటర్ 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో అడుగుపెట్టింది. ఆ పథకం పేరు 'కార్డ్'. అంతకుముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రతి దస్తావేజునూ లావుపాటి పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమాస్తా ఏళ్ళ తరబడి ఇండెక్సులు తిరగెయ్యాలి. ఆయనకు తీరిక ఎప్పుడు దొరికేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. కార్డ్ వచ్చాక అదే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. దేశవిదేశాల్లో మెప్పు దక్కింది. అయితే 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేసెలీ రాసిన వ్యాసం ఇదంతా పైపై మెరుగేనని తేల్చింది. దస్తావేజు లేఖరుల ద్వారా చేతులు తడపడం ఆగలేదని ఆయన వాదన. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. యంత్రం వచ్చింది గానీ, కాగితం కదిలించే అధికారం అదే బల్ల దగ్గర ఉండిపోయింది.

ఈసేవ ఇందుకు భిన్నం. 1999లో హైదరాబాద్‌లో ట్విన్స్ పేరుతో ప్రయోగం జరిగింది, 2001లో ఈసేవ అయింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఫోను బిల్లు అన్నీ ఒకే కౌంటరులో. అక్కడ కూర్చున్నవాడికి మీ బిల్లును ఆపే అధికారం లేదు, కనుక ఆపి లాభమూ లేదు. నా లెక్కలో ఈసేవ గెలుపు రహస్యం అదే.

2011లో మీసేవ మొదలైంది. డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్లు ఇవ్వసాగారు. కొన్ని అక్కడికక్కడే ఇస్తారు. విచారణ అవసరమైనవి మాత్రం మళ్ళీ తహసీల్దారు దగ్గరికే వెళతాయి.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు తెరిచారు. 2025 జనవరి నుంచి ఆ రాష్ట్రంలో వాట్సాప్‌లోనూ సేవలు అందుతున్నాయి. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి పోర్టల్ భూమి రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ (రికార్డులో పేరు మార్పునూ) ఒకేసారి ముగించేది. పని చురుగ్గానే సాగింది. కానీ పేరో విస్తీర్ణమో తప్పు పడితే తహసీల్దారు దిద్దడానికి వీలుండేది కాదు. కలెక్టరు దాకానో కోర్టు దాకానో పోవాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. అప్పీలు చేసుకునే అంచెలు కొత్త చట్టంలో మళ్ళీ చోటు చేసుకున్నాయి.