గడ్డపు తొండకు ఇల్లు



కంచెమీద కూర్చుండి తల యాడించు తొండను మీరందఱు నెఱుగుదురు. దానికి దాయాది యగు జంతువొకటి ఆస్ట్రేలియా ఖండమధ్యమునందలి మెట్టనేలలలో నివసించును. భయమో కోపమో కలిగినపుడు గొంతుక్రింది ముండ్ల చర్మమును ఉబ్బించి నల్లగా జేయును. అందుచే ఆంగ్లేయులు దానికి బియర్డెడ్ డ్రాగన్ అని పేరిడిరి. మనము గడ్డపు తొండ యందము. తోకతో గూడ మూరెడు పొడవు, ఒక్కొక్కటి అంతకు మించియు పెరుగును. చక్కగా చూచుకొన్నచో పదేండ్లు బ్రదుకును.

2022వ సంవత్సరమున నేను సిడ్నీ నగరములోని మా కుమారునింట మూడు మాసములుంటిని. జూన్, జూలై మాసములు అచ్చట చలికాలము. పదకొండేండ్ల మా మనుమడు ఆఱు నెలల గడ్డపు తొండ నొకదానిని పెంచుచుండెను. అడవినుండి పట్టి తెచ్చినది కాదు. అది అచ్చట నేరము. పెంపకమునకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. లైసెన్సు మా కుమారుని పేర నుండెను. పగటి కాపలా నా వంతయ్యెను.

కిటికీ ప్రక్కనున్న అద్దపు పెట్టెలో రెండు దీపములుండెను. ఒకటి వేడి నిచ్చు బల్బు, రెండవది పొడవైన గొట్టము. ఉదయమున కిటికీనుండి చక్కని యెండ తొండ వీపున బడుచుండగా ఈ గొట్టమెందులకని నాకు తోచెను. కరెంటు దండుగ యని తలచి, వారందఱు వెడలగానే దానిని ఆర్పి, సాయంకాలము వారు వచ్చువేళకు వెలిగించుచుంటిని. ఎవ్వరికిని చెప్పలేదు. తెలియనిది అడుగుడని ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు బోధించినవాడను!

ఏడు వారములు గడచెను. ఇలకోళ్ళను తఱిమి పట్టు జంతువు కదలక పడియుండెను. కాళ్ళు వణకెను, దవడ మెత్తబడెను. పశువైద్యుడు ఎక్స్‌రే తీసి, ఎముకలు పలుచబడినవని చెప్పి, గొట్టమునుగూర్చి యడిగెను. నాలుగు నెలల క్రిందటిదే, దినమునకు పండ్రెండు గంటలు వెలుగుచున్నదని మనుమడు నమ్మకముతో బదులు చెప్పెను. అప్పుడు నేను నోరు విప్పక తప్పినది కాదు. వాడు నన్నొక్క మాటయు ననలేదు. కాని తిరుగు దారిలో నా ప్రక్కన కూర్చుండలేదు.

సంగతి యిది. సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు గలవు. వానిలో నొక తెగ చర్మమునకు తగిలినప్పుడే యీ జంతువు శరీరమున విటమిన్ డి చక్కగా పుట్టును. అది లేనిచో తిన్న కాల్షియము ఒంటబట్టదు. శరీరము తన యెముకలనుండియే దానిని లాగుకొనును. కిటికీ అద్దము వెలుగును, వేడిని రానిచ్చును గాని యీ కిరణములను దాదాపుగా ఆపివేయును. నేను ఎండ యనుకొన్నది దానికి ఎండ కాదు. ఆ గొట్టమే దాని సూర్యుడు. ఆ సూర్యుడును ముసలివాడగును సుమా! వెలుగు తగ్గకున్నను కిరణములు తగ్గును; గొట్టపు రకమునుబట్టి ఆఱు నెలలకో, ఏడాదికో మార్చవలెను.

ఇక ఇంటి సంగతి. ఒక పెద్ద తొండకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె తక్కువ పక్షము. మూడు ప్రక్కల కొయ్యయు ముందు అద్దమును ఉన్నచో వేడి నిలుచును. ముఖ్యమైన దేమన, పెట్టె అంతయు ఒకే వేడిగా నుండరాదు. ఒక కొనను, దీపముక్రింద ఱాతిపై 40 డిగ్రీలు. రెండవ కొనను 25 డిగ్రీలు. తనకు కావలసిన వేడిని అది స్వయముగా వెదకుకొనును. రాత్రి దీపములన్నియు ఆర్పవలెను. దాని నడినెత్తిన వెలుగును గుర్తించు చిన్న కన్ను వంటి దొకటి కలదు; ముక్కంటి కున్నట్లు నొసట గాదు. పిల్లతొండ క్రింద ఇసుక పఱచినచో మేతతో మ్రింగి ప్రేగులు మూసికొను ప్రమాదము కలదు. రెంటిని ఒకే పెట్టెలో నుంచరాదు. ఒకటి రెండవదానిపై పండుకొన్నచో మనము స్నేహమందుము. అది వెచ్చని చోటికై పెత్తనము.

పిల్లతనమున పురుగులు ఎక్కువ, పెరిగినపిదప ఆకులు ఎక్కువ. పురుగు దాని రెండు కన్నుల నడిమి దూరమునకు మించి యుండరాదు. దానిపై కాల్షియము పొడి చల్లవలెను. పాలకూర మనకు మంచిదే గాని, కాల్షియమును కట్టివేయును గనుక దీనికి నిత్యము పెట్టరాదు.

మీ మనుమలెవ్వరైన ఇది విని ఉడుము పిల్లను తెచ్చి పెంచెదమన్నచో వారింపుడు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అది మన దేశమున నిషిద్ధము.

మందులతోను, గొట్టపు వెలుగుతోను ఆ తొండ కొన్ని నెలలకు కోలుకొని మరల ఇలకోళ్ళను పట్టసాగెను. ముందటి కుడికాలి వంకర మాత్రము పోలేదు. గొట్టము మార్చిన తేదీని మా మనుమడు పెట్టె ప్రక్కన వ్రాసి యుంచును. మార్చినపుడెల్ల నాకు ఫోనుచేసి ఆ తేదీని చెప్పును.