ఆ శుక్రవారము మంచిదెట్లయ్యెను?

(పవిత్ర శుక్రవారమునకు ముందు దినమున, పాఠశాలలోని క్రైస్తవ విద్యార్థుల సమావేశమున చేసిన ప్రసంగము)



రేపు పాఠశాలకు సెలవు. సెలవనగానే మీ ముఖములు వికసించుట సహజమే. కాని రేపటి సెలవు తక్కిన సెలవులవంటిది కాదు. క్రొత్త బట్టలు లేవు, పిండివంటలు లేవు, పెక్కు దేవాలయములలో గంట సయితము మ్రోగదు. నిరుడు మీలో నొక బాలుడు నన్నడిగెను: "అయ్యా, ప్రభువు చనిపోయిన దినమునకు మంచి శుక్రవారమని పేరేల? చావు మంచిదా?" ఆనాడు తొందరలో నేదో చెప్పి పంపివేసితిని. ఆ బాకీ తీర్చుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మొదట పేరు సంగతి. ఆంగ్లమున 'గుడ్' అను మాటకు పూర్వము 'పవిత్రమైన' అను అర్థము కూడ నుండెను. దానినే మనవారు మంచి శుక్రవారమనియు, శుభ శుక్రవారమనియు తెనిగించిరి. జర్మనులు ఇదే దినమును దుఃఖ శుక్రవారమను అర్థము వచ్చునట్లు పిలుతురు. రెండు పేర్లును సత్యమే. ఒకటి మనుష్యులు చేసినదానిని చెప్పును. రెండవది దేవుడు చేసినదానిని చెప్పును.

ఈ దినము ఏటేట ఒకే తేదీన రాదు. మన ఉగాదివలెనే చంద్రుని గతిని అనుసరించి వచ్చును. ప్రభువు మరణించినది యూదుల పస్కా పండుగ సమయమున; ఆ పండుగ వసంతకాలపు పున్నమికి వచ్చును. మార్చి 21వ తేదీన గాని, అటుపిమ్మట గాని వచ్చు మొదటి పున్నమి దాటిన ఆదివారము పునరుత్థాన పండుగ. దానికి రెండు దినములు ముందు ఈ శుక్రవారము. అందుచేత నిది మార్చి 20కిని ఏప్రిల్ 23కిని నడుమ వచ్చుచుండును. పునరుత్థాన పండుగను సంఘములన్నియు ఒకే ఆదివారమున జరుపవలెనని క్రీ.శ. 325లో నీకయా మహాసభ నిర్ణయించెను. అయినను తూర్పు సంఘములలో పెక్కింటికి పాత పంచాంగమే ప్రమాణమగుటచే వారి తేదీ తరచుగ వేరుగ నుండును.

ఇది కట్టుకథ కాదు. పొంతి పిలాతు రోమీయుల పక్షమున యూదయను క్రీ.శ. 26 మొదలు 36 వరకు పాలించిన అధికారి. అతని యేలుబడిలో క్రీస్తునకు మరణశిక్ష విధింపబడెనని క్రైస్తవుడు కాని రోమను చరిత్రకారుడు టాసిటస్ సయితము వ్రాసియున్నాడు. అది క్రీ.శ. 30లో గాని 33లో గాని జరిగియుండునని పండితులలో పలువురి యభిప్రాయము. సిలువ యనగా నేడు మనకు మెడలో ధరించు ఆభరణము. ఆనాడది బానిసలకును, తిరుగుబాటుదారులకును రోమీయులు విధించు మిక్కిలి అవమానకరమైన మరణము. మర్యాదస్థులు ఆ పేరెత్తుటకే సంకోచించెడివారు.

ఇక ఆ రాత్రి సంగతి యొకటి చెప్పెదను. అది మనవంటివారికి మిక్కిలి దగ్గరి సంగతి. ప్రభువును పట్టుకొని ప్రధానయాజకుని యింటికి కొనిపోయిరి. పేతురు దూరదూరముగ వెంబడించి, ముంగిట చలిమంట కాచుకొనుచుండెను. నీవును వానితోకూడ నున్నవాడవే యని యొక పనికత్తె గుర్తించెను. కాదనెను. మరల అడిగిరి, మరల కాదనెను. తుదకు అక్కడ నిలిచినవారు అతని గుట్టు దేనివలన పట్టిరో మీకు తెలియునా? వేషమువలన కాదు, భాషవలన. గలిలయ యాస అతనిని పట్టియిచ్చెను. అప్పుడతడు ఆ మనుష్యుని నేనెరుగనని ఒట్టు పెట్టుకొనెను. వెంటనే కోడి కూసెను. పేతురు వెలుపలికి పోయి వెక్కి వెక్కి యేడ్చెను.

బిడ్డలారా, ఇంట తెలుగు, వీథిలో ఒడియా, బడిలో ఆంగ్లము మాటలాడు మనకు ఈ కథ వేరుగ చెప్పనక్కరలేదు. నా బాల్యమున, మరియొక యూరిలో చదువుకొనుచుండగా, మా తరగతిలో నాతోపాటు మరియొక తెలుగు బాలుడుండెను. అతని ఉచ్చారణను కొందరు వెక్కిరించి, "వీడు మీవాడేనా?" యని నన్నడిగిరి. నేను నవ్వి, కాదంటిని. నిన్నటి సాయంకాలమే వారి యింట అతని తల్లి పెట్టిన అన్నము తిని వచ్చినవాడను! అతడు నావైపొకసారి చూచి తల వంచుకొనెను. నాడు ఏ కోడియు కూయలేదు గాని, ప్రతి సంవత్సరము ఈ శుక్రవారమున పేతురు కథ చదువుచుండగా ఆ చూపు నాకు జ్ఞప్తికి వచ్చును. శుక్రవారమున మనము తలచుకొనవలసినది రెండువేల యేండ్లనాటి వారి తప్పు మాత్రమే కాదు, మన తప్పును.

ఈ సందర్భమున నొక హెచ్చరిక. క్రీస్తును యూదులు చంపిరను నెపమున ఐరోపాలో శతాబ్దుల తరబడి, ముఖ్యముగ ఈ దినములలోనే, యూదులను హింసించిరి. అది క్రైస్తవులు సిగ్గుపడవలసిన చరిత్ర. రోమను కతోలిక సంఘపు శుక్రవార ప్రార్థనలో వారిని నిందించు మాటను పోపు 23వ యోహాను 1959లో తీసివేయించెను. ఆ మరణదోషమును యూదజాతి కంతటికి అంటగట్టరాదని 1965లో వాటికన్ మహాసభ ప్రకటించెను. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు, శిష్యులందరును యూదులే. కొద్దిమంది చేసినదానికి ఒక జాతి నంతటిని నిందించుట యెట్టి యన్యాయమో, అల్పసంఖ్యాకులమై జీవించు మనకు బాగుగ తెలిసియుండవలెను.

రేపు దేవాలయములలో నేమి జరుగును? కతోలికులు ఆ దినమున పూజబలి నర్పింపరు. సిలువను వందనముతో ముద్దిడుదురు. ఇతర సంఘములు పెక్కింట మధ్యాహ్నము పండ్రెండు గంటలు మొదలు మూడు గంటల వరకు సిలువపై ప్రభువు పలికిన యేడు మాటలను ధ్యానింతురు. ఈ మూడు గంటల ఆరాధన 17వ శతాబ్ది చివర దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పుట్టి లోకమంతట వ్యాపించినది. మన తెలుగు సంఘములలో నీ ఆరాధనకు కీర్తనలే ప్రాణము. ఆ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) మన యీ సీమవాడే, పర్లాకిమిడి ప్రాంతమున జన్మించినవాడు. ఇక్కడి తెలుగు నేల ఆంధ్ర క్రైస్తవ లోకమునకంతటికి పాట నేర్పినదని మరువకుడు.

ఆ యేడు మాటలలోనే మీ ప్రశ్నకు సమాధానమున్నది. మొదటి మాట తన్ను మేకులతో కొట్టుచున్నవారి క్షమాపణకై ప్రార్థన. రెండవది తోడి నేరస్థునికి అభయము. మూడవది తల్లిని శిష్యున కప్పగించుట. అటుపిమ్మటనే తన ఒంటరితనమును, తన దప్పికను చెప్పుకొనెను. పిదప పని ముగిసినదని పలికి, ఆత్మను తండ్రి చేతుల నుంచెను. బాధలో నున్నవానికి ముందుగ తన బాధయే తోచును. ఆయనకు ఇతరులు తోచిరి. ద్వేషము తన చేతనైనంతయు చేసినను, ఆయనను ద్వేషించువానిగ చేయలేకపోయెను. మన పాపభారమును ఆయన ఇష్టపూర్వకముగ మోసెనని మన విశ్వాసము. చావు మంచిది కాదు, నాయనా. ప్రాణమిచ్చిన ప్రేమ మంచిది. ఆ ప్రేమను చావు ఓడింపలేదని మూడవనాడు తేలినది. ఆదివారము వెలుగులో చూచితిమి గనుకనే శుక్రవారమును మంచిదనుచున్నాము.

సిలువపై నుంచిన పలక హెబ్రీ, లాటిను, గ్రీకు అను మూడు భాషలలో నుండెనని యోహాను వ్రాసెను. అధికారి అపహాస్యమునకు వ్రాయించినది అన్ని భాషలవారికి సువార్త యయ్యెను. మరి పేతురేమయ్యెను? మూడుసార్లు కాదన్నవానిని ప్రభువు లేచినపిమ్మట మూడుసార్లు ప్రేమను గూర్చి యడిగి, తన మందను అప్పగించెను. యాసకు వెరచి అబద్ధమాడిన ఆ గలిలయుడే, ఏడు వారములు గడచునప్పటికి, అదే యెరూషలేములో అదే యాసతో వేలమంది యెదుట నిలిచి మాటలాడెను.

కావున రేపు మూడు పనులు చేయుడు. కొంతసేపు మౌనముగ నుండి నాలుగు సువార్తలలో నొకదానినుండి శ్రమల వృత్తాంతము చదువుడు. ఒక పూట భోజనము మాని ఆ యన్నము ఆకలిగొన్నవానికి పెట్టుడు. మీరెవరిని ఎరుగనంటిరో, వారి యింటికి పోయి పలుకరింపుడు. నేను చిన్ననాడు ఆ మూడవ పని చేయలేదు. చేయదలచునప్పటికి ఆ మిత్రుని కుటుంబము ఊరు విడిచిపోయెను. మీకింకను సమయమున్నది.

ప్రభువు మిమ్ము దీవించుగాక.