నగరానికి నకలు

సికింద్రాబాదులో ఒకనాటి జేమ్స్ వీధి నేటి మహాత్మాగాంధీ రోడ్డు. ఆ రోడ్డున గడియారపు గోపురంతో నిలిచిన పాత పోలీసు ఠాణా రాంగోపాల్‌పేటకు ఆనవాలు. సేఠ్ రాంగోపాల్ పేరున వెలసిన పేట ఇది. ఆ ఠాణా ఎదుట ఒక పావుగంట నిలువబడి చూడండి. బస్సులు, కార్లు, ఆటోలు, స్కూటర్లు, తోపుడుబండ్లు, వీటి నడుమ సందు చూచుకొని రోడ్డు దాటబోయే ఒక వృద్ధురాలు. ఈ ప్రవాహానికంతటికీ నకలు తీసి, కంప్యూటరులో నడిపించి చూడవచ్చునా? చూడవచ్చును. నేడు అనేక నగరాలలో జరుగుతున్న పని అదే.

ఇందుకు ముఖ్యంగా కావలసినవి రెండు: పటము, సన్నివేశము. ఏ వీధి ఎంత వెడల్పు, ఎటు పోనిస్తారు, ఎక్కడ మలుపు నిషేధము, ఏ దీపం ఎన్ని సెకండ్లు వెలుగుతుంది, ఇది పటము. ఎవరు, ఏ వేళకు, ఎక్కడినుండి ఎక్కడికి బయలుదేరుతారు, ఇది సన్నివేశము. జర్మనీ దేశపు అంతరిక్ష పరిశోధన కేంద్రంవారి ‘సుమో’ అనే సాధనం 2001 నుండి ఉచితంగా లభిస్తున్నది. 2004లో ఇంగ్లండులో మొదలైన ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ను లోకమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్నారు. ఈ రెంటినీ జతపరచినచో ఏ పేటకైనా నకలు సిద్ధం చేయవచ్చును.

అయితే సిద్ధం చేయడంకన్న, దానిని కాపాడుకొనడమే కష్టం. 1908లో మూసీ వరద వచ్చిన తరువాత, 1912 మొదలు కొన్ని ఏండ్లు లియొనార్డ్ మన్ దొరగారి ఆధ్వర్యాన హైదరాబాదు నగరాన్ని కొలిచి పటాలు గీశారు. చరిత్రకారులకు అవి నేటికీ పెన్నిధి. కాని వాటిని నమ్మి ఈనాటి బండ్లను నడపలేము గదా! 2017 నవంబరులో నాగోలు–అమీర్‌పేట మెట్రో ప్రారంభమైనది. ప్యారడైజు వద్ద స్టేషను వెలసినది. స్తంభాలు రోడ్డు నడుమ చోటు తీసుకొన్నవి. మెట్లు దిగిన ప్రయాణికులు కాలినడకన నలుదిక్కులకూ పోతున్నారు. అంతకు ముందటి పటంతో నేడు లెక్క వేయడం, నిరుటి పంచాంగం చూచి ఈ ఏటి ముహూర్తం పెట్టడమే.

పొరపాటు చిన్నదే కావచ్చును. వంతెనమీది రోడ్డును క్రింది రోడ్డుతో కలిపి గీసినచో, లేని కూడలి పుట్టి అక్కడ లేని రద్దీ ఏర్పడుతుంది. పటాన్ని సవరించేటప్పుడు ఒక వీధి సంఖ్య మారినచో, పాత సంఖ్యను నమ్ముకొన్న సన్నివేశంలో ఆ ప్రయాణాలు మొదలే కావు. కనుక ఏ సన్నివేశం ఏ తేదీనాటి పటంపై కట్టినదో వ్రాసిపెట్టుకొని, సవరణ జరిగినప్పుడెల్లా మరల నడిపి, రోడ్డుమీద లెక్కించిన బండ్లతో సరిచూడవలెను.

సన్నివేశమైనా ఒక్కటి చాలదు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలనాడు ఈ వీధులు వేరు, మామూలు సోమవారంనాడు వేరు. ప్యారడైజు నుండి డెయిరీఫారం రోడ్డు వరకు సుమారు 5.3 కిలోమీటర్ల ఎత్తుదారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. ఇటువంటి నిర్మాణం సాగే దినాలకు ఒక సన్నివేశం, పూర్తయిన తరువాతి కాలానికి మరొకటి కావలెను. ఎవరి దుకాణం ముందు దారి ఇరుకవుతుందో, ఏ బస్సు ఆలస్యమవుతుందో ముందుగా తెలియడానికే గదా ఈ శ్రమ!

ఇక అసలు సంగతి. 1990లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వారు ప్రకటించిన నగర రహదారుల మార్గదర్శకాలలో కారును ఒకటిగా ఎంచి, ద్విచక్రవాహనానికి, రద్దీలో దాని పాలునుబట్టి, అర లేక ముప్పాతిక విలువ కట్టారు. మన బండ్లు వరుసలు పాటించవు కనుక, ఒక్క వరుసనే నిలువుగా చీల్చి ప్రక్కప్రక్కన బండ్లను నడిపే ఏర్పాటు సుమోలోనూ ఉన్నది. మరి రోడ్డు దాటే వృద్ధురాలి విలువ ఎంత? పాదచారులను కూడ సుమోలో నడిపించవచ్చును. కాని ఎవరో శ్రద్ధ వహించి ఆమెను అందులో చేర్చవలెను. చేర్చనినాడు, పచ్చదీపం మరి పది సెకండ్లు పొడిగించడం లాభమని నకలు చెబుతుంది. ఆ పది సెకండ్లు ఎవరి కాలినడకనుండి తీసినవో చెప్పదు. పటంలో లేనివారికి ప్రణాళికలోనూ చోటు చిక్కదు.

శ్రోతలారా, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ను ఎవరైనా సవరించవచ్చును. మీ సందు మూసుకుపోయినచో, కొత్త కాలిబాట వెలసినచో, అది పటమెక్కినదో లేదో ఒకసారి చూడండి. గడియారానికి కీ ఇవ్వడం మరచినా, ముళ్ళు ఏదో ఒక వేళను చూపుతూనే ఉంటవి. దానిని నమ్మి స్టేషనుకు బయలుదేరినవాడికి రైలు అందదు.