పాత డిస్కు నేర్పిన పాఠం



2004లో మన సభ్యుల సర్వీసు వివరాలన్నీ నా ఇంటి కంప్యూటరులో ఎక్కించాను. అందులో మా అబ్బాయి లినక్స్ వేసి, డిస్కును రైజర్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో సిద్ధం చేశాడు. ఈమధ్య ఒక దివంగత సభ్యుని భార్య ఫ్యామిలీ పెన్షను కోసం ఆ వివరాలు అడిగారు. డిస్కు తగిలిస్తే విండోస్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. ఔనని ఉంటే అంతా పోయేదే! కొత్త లినక్సూ గుర్తించలేదు. 2025 జనవరిలో వచ్చిన 6.13 కెర్నెల్ నుంచి ఆ పద్ధతిని తొలగించారు.

మా మనవడు ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి, అసలును పక్కన పెట్టాడు. పాత కెర్నెల్ ఉన్న లినక్స్‌తో నకలును తెరిచి ఫైళ్లు రాబట్టాడు. ఆమెకు కావలసిన తేదీలు దొరికాయి.

అసలు రికార్డు ముట్టకు, నకలు మీద పనిచెయ్యి అని మనం ఆఫీసులో నేర్చుకున్నదే! మిత్రులారా, చదవగలిగిన రోజుల్లోనే పాత ఫైళ్లను కొత్త డిస్కులోకి మార్చుకోండి. కాగితం ప్రతి కూడా ఉంచండి.